చంకలో పిల్ల లెక్కకు రాదు

మా ఆవిడ చేసిన పుస్తకాన్ని ఇంకొకరి పేరు మీద అచ్చువేసి, నా చేతనే కుట్టించారు. ఆ ఎండాకాలం సంగతి ఇది. ఎవరినీ క్షమించడానికి చెప్పడం లేదు.

ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు. నేను బైండింగు షాపులో పనిచేస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. అచ్చాఫీసు నుంచి ఫారాలు వస్తాయి, అంటే ఒక్కో పెద్ద కాగితం మీద ఎనిమిదేసి పేజీలు అచ్చయి వస్తాయి. వాటిని మడిచి, వరసలో పేర్చి, కుట్టి, అట్ట వేసి, అంచులు కోసి ఇస్తాం. లోపల ఏముందో చదవం. రోజంతా వండేవాడికి ఆకలి చచ్చినట్టు, మాకు పుస్తకం మీద ఆశ చచ్చిపోతుంది.

మా ఓనరును అందరూ తొందరాయన అంటారు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ఆ రోజు పొద్దున్నే నా బల్ల మీద ఒక కట్ట పడేశాడు.

"బాబాయ్, పిల్లల పుస్తకం. రెండు వేలు. బడులు తెరిచే రోజుకి కొన్నైనా ఇచ్చెయ్యాలి. తొందర."

"నీకు తొందర కానిదేదిరా?"

"నువ్వే. నువ్వొక్కడివే," అని నవ్వి వెళ్ళిపోయాడు.

మొదటి ఫారం విప్పాను. ఒక గేటు. పచ్చరంగు గేటు, మధ్యలో ఒక కమ్మీ వంగి ఉంది. తరవాత రెండు కుక్కలు, ఒకటి నిలబడి, ఒకటి పడుకుని. తరవాత మూడు ఉత్తరాల డబ్బాలు. నా చెయ్యి గేటు దగ్గరే ఆగిపోయింది. పసిపిల్లల బడి గేటు కమ్మీని పాలబండి గుద్ది వంచింది, ఎన్నో ఏళ్ళ కిందట. దాన్ని బొమ్మలో కూడా వంచిపెట్టే మనిషి ఒక్కతే.

అట్ట తీసి చూశాను. 'అంకెల షికారు' అని ఉంది. కింద ఆ బడి పెద్ద టీచరమ్మ పేరు, పేరు వెనక ఆవిడ చదివిన చదువులు రైలుబండిలా. మా ఆవిడ పేరు ముందు లేదు, వెనక లేదు. మూడు ఫారాలూ విప్పి వెతికాను. ఎక్కడా లేదు.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. నేను ఆమెను పొగడటానికి కూర్చోలేదు. ఆమెవి మామూలు కళ్ళే, చదువు అంతంతే. ఆ బడిలో ఇరవై ఆరేళ్ళు ఆయాగా చేసింది. పిల్లల ముక్కులు తుడిచింది, ముడ్లు కడిగింది. రోజూ పది గంటలకు వాళ్ళను వీధిలోకి తీసుకెళ్ళేది. ఒక పొడుగాటి తాడు, దానికి అయిదు ముళ్ళు, ముడికొక పిల్ల. తాడు కొస ఆమె చేతిలో. ఒక రోజు పోస్టాఫీసు దాకా, ఒక రోజు బస్సులు ఆగే చోటి దాకా, ఒక రోజు రొట్టెల కొట్టు దాకా. కనబడ్డదల్లా లెక్కపెట్టించేది. మెట్లు, గొడుగులు, తీగల మీద ఆరేసిన చొక్కాలు. వానలప్పుడు బయటికి పోవడం కుదరక పిల్లలు గోల చేస్తుంటే, ఆ వీధినే గదిలోకి తెచ్చింది. నేను షాపు నుంచి తెచ్చే రంగుకాగితాల కత్తిరింపులతో బొమ్మలు కోసి దళసరి అట్టల మీద అతికించింది. బొమ్మలు ఎన్ని ఉంటే వాటి కింద అన్ని ముళ్ళు ఎర్రదారంతో వేసింది. పిల్లలు ఆ ముళ్ళను వేలితో తడిమి లెక్కపెట్టేవాళ్ళు. పాతికేళ్ళు ఆ పుస్తకం వాళ్ళ ఎంగిలి చేతుల్లో నలిగింది.

ఇప్పుడది నున్నటి కాగితం మీదికి ఎక్కింది. దారం ముళ్ళున్న చోట ఎర్రచుక్కలు. వేలికి ఏమీ తగలదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మాయి వంట చేస్తోంది. తల్లి పోయాక ఆ బడిలోనే, తల్లి చోటులోనే తీసుకున్నారు దాన్ని. ఇంకా తాత్కాలికం. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"మీ అమ్మ పుస్తకం ఎక్కడుంది?"

"బడిలో ఉంటుంది నాన్నా. ఎప్పుడూ అక్కడేగా."

"నా బల్ల మీదుంది. రెండు వేలు."

దాని చేతిలో గరిటె ఆగింది.

"నీకు ముందే తెలుసన్నమాట," అన్నాను.

"మేడం అడిగింది. అమ్మ పోయిన నెలకి. అచ్చువేయిస్తే చాలామంది పిల్లలకి అందుతుంది అంది. మంచిదేగా అనుకున్నాను."

"అమ్మ పేరు వేస్తానందా?"

గరిటెను గిన్నె మీద అడ్డంగా పెట్టింది.

"నువ్వు అడిగావా?"

"ఒక కాగితం ఇచ్చింది, సంతకం పెట్టమని. ఆ పుస్తకం బడిదే, మాకేం అభ్యంతరం లేదు అని." గొంతు తగ్గించింది. "బడి తెరిచాక నన్ను పర్మనెంటు చేస్తానంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టుకుని ఏం చెయ్యాలో తెలియలేదు.

"తల్లిని అమ్ముకున్నావు," అన్నాను.

"నువ్వు ఇలాగే అంటావని తెలుసు. అందుకే చెప్పలేదు."

"ఏం చేస్తుందే పర్మనెంటు? మీ అమ్మ ఇరవై ఆరేళ్ళు చేసింది. ఏం పర్మనెంటుగా మిగిలింది దానికి?"

అది పొయ్యి ఆర్పేసి నా వైపు తిరిగింది. "నువ్వు ఎన్నిసార్లు తెరిచావు నాన్నా ఆ పుస్తకం? ఒక్కసారి తెరిచానని చెప్పు. అమ్మ ఇక్కడే, ఈ గడప దగ్గరే కూర్చుని కోసేది. ఇల్లంతా చెత్త చేస్తున్నావని తిట్టడం తప్ప నువ్వేమన్నావు?"

అబద్ధమైతే ఊరుకునేవాణ్ణి. నిజం కాబట్టి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. తినకుండా పడుకున్నాను. అది కూడా తినలేదు. వండింది వండినట్టే ఉండి పొద్దునకి పాచిపోయింది.

మర్నాడు భోజనాల వేళ బడికి వెళ్ళాను. సెలవులు కదా, చిన్న కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి పెట్టారు. పెద్ద టీచరమ్మ ఆఫీసు గదిలో ఉంది. ఆ బడి ఆవిడ తల్లి పెట్టింది. ముసలి మేడం పోయాక పదిహేనేళ్ళుగా ఈవిడ నడుపుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. మర్యాద తెలిసిన మనిషి. అలాంటివాళ్ళతో పోట్లాడటం కష్టం, ఎక్కడ పట్టుకున్నా జారిపోతారు.

"రండి, కూర్చోండి. ఆయమ్మ పోయినప్పుడు రాలేకపోయాను, ఏమీ అనుకోకండి."

"పుస్తకం మీద ఆమె పేరు లేదు."

"ఏ పుస్తకం?"

"నేను కుడుతున్నది."

"ఓ, మీ షాపుకే ఇచ్చారా." ఒక క్షణం తడుముకుంది, అంతే. "చూడండి, ఆయమ్మ కాగితం ముక్కలు అతికించిన మాట నిజమే. నేను కాదనను. కానీ దాన్ని పుస్తకం అనలేం కదా. ఏ వయసుకి ఏ అంకె చెప్పాలి, బొమ్మ ఎంత ఉండాలి, మాట ఎక్కడ రావాలి, ఇదంతా ఒక శాస్త్రమండీ. ఆ పని నాది."

"గేటు కమ్మీ మీరే వంచారా?"

ఆవిడకు అర్థం కాలేదు. "బొమ్మలు వేరే ఆయన వేశారు."

"దేన్ని చూసి వేశాడు?"

"చూస్తే మటుకు…" అని చేతి గడియారం చూసుకుంది. "మీ అమ్మాయి రాసిచ్చింది కూడా. ఇష్టపడే ఇచ్చింది. మీ బాధ నాకు తెలుసండీ. పెద్దవారు, ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగుతారా?"

"మీ పేరు తీసెయ్యమనడం లేదు. పక్కన ఆమెది వెయ్యండి. పుస్తకం పిల్లల చేతికి వెళ్ళేలోగా."

"అట్టలు అచ్చయిపోయాయే. ఇప్పుడు నేనేం చెయ్యగలను, మీరే చెప్పండి."

"ఆ అట్టలు వెయ్యాల్సింది నేను."

ఆవిడ నవ్వింది. "అందుకే నాకు నిశ్చింత. మంచి చేతుల్లో పడింది."

నీళ్ళు తాగకుండా వచ్చేశాను. వీధి మలుపులో దాహం వేసింది. దాహం వేసినందుకు కూడా ఆవిడ మీదే మండింది.

షాపుకు వచ్చేసరికి తొందరాయనకు ఫోను అందినట్టుంది. నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, నీకు పుణ్యం ఉంటుంది. కుట్టేవాళ్ళం, కుట్టేద్దాం. రాసిందెవరని కత్తి అడుగుతుందా?"

"కత్తికి పెళ్ళాం లేదు," అన్నాను.

వాడు నోరు మూసుకుని వెళ్ళాడు.

రెండో ఫారం మడుస్తుండగా అయిదో అంకె వచ్చింది. పిల్లలు తాడు పట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ముడికొకరు. తాడు కొస పట్టుకుని ఆయా. ఆయా చంకలో ఇంకో పిల్ల. పైన పెద్ద అక్షరాలు: 'రోడ్డు దాటే పిల్లలు ఎందరు? అయిదుగురు.' కింద అయిదు ఎర్రచుక్కలు.

బొమ్మలో ఆరుగురున్నారు.

మా ఆవిడకు లెక్క రాక కాదు. మా అమ్మాయి ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, ఇంట్లో చూసే దిక్కు లేక, బడికి వెంటబెట్టుకుపోయేది. ముసలి మేడం ఒప్పుకుంది, షరతు మీద. పిల్ల పేరు రిజిస్టరులో ఉండదు. పాలగ్లాసు ఉండదు. తాడు మీద ముడి ఉండదు. గేటు దాటేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, తిరిగి వచ్చాక, ఆయా ఒక్కో తలా తట్టి పైకి లెక్క చెప్పాలి. ఆ లెక్కలో ఈ పిల్ల కలవకూడదు, కలిస్తే రిజిస్టరుతో పొసగదు. అందుకని తాడు పట్టుకున్నవాళ్ళే లెక్క. చంకలోది లెక్కకు రాదు. అదే అలవాటై, పుస్తకంలో కూడా తన పిల్లను అతికించుకుంది కానీ లెక్కలో కలపలేదు.

ఆ రోజుల్లో పెద్ద టీచరమ్మ ఎక్కడో చదువుకుంటోంది. ఈ ముచ్చట ఎరగదు. బొమ్మలు వేసినవాడు ఉన్నదున్నట్టు దించాడు. ఆవిడ శాస్త్రం చదివిన కళ్ళతో చూసింది, అచ్చాఫీసువాళ్ళు చూశారు, తొందరాయన చూశాడు. ఒక్కరూ వేలు పెట్టి లెక్కపెట్టలేదు. పెద్దవాళ్ళు అంకె చూసి నమ్మేస్తారు.

నేను చెప్పొచ్చు. ఇంకా టైముంది, ఆ ఒక్క ఫారం మళ్ళీ అచ్చు కొట్టుకుంటే సరిపోయేది. చెప్పలేదు. నలుగురిలో ఆవిడ శాస్త్రం ఎంతో తేలనీ అనుకున్నాను. నా బతుకులో అంత శ్రద్ధగా ఏ పుస్తకమూ కుట్టలేదు. ఒక్క దారం వదులు లేదు. పుస్తకం చింపితే తప్ప ఆ పేజీ ఊడి రాకూడదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు 'తలుపు వేసుకో', 'నీళ్ళొస్తున్నాయి' వరకే. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి నా మంచం మీద పాత పుస్తకం ఉంది. అంచులు మెత్తబడి, పాలవాసన వేస్తూ.

"బీరువా కింద పడేశారు. తెచ్చేశాను," అంది మా అమ్మాయి, గుమ్మంలో నిలబడి.

విప్పాను. గేటు, కుక్కలు, డబ్బాలు. కాగితాలు నేను గుర్తుపట్టాను. ఈ పచ్చది ఫలానా లెక్కల పుస్తకం అట్ట, ఈ నీలం ఫలానా డైరీది, అన్నీ నా కత్తి కింద తెగినవే. అయిదు దగ్గరికి వచ్చాను. అన్ని బొమ్మలూ కాగితమే. చంకలో పిల్ల గౌను మాత్రం గుడ్డ. చిన్న పూల గుడ్డ.

"నీదేనా ఇది?"

"నా గౌనే. చిరిగిపోతే కోసింది. ఇప్పుడా చూడటం," అంది.

అది వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"పాల వేళకి అమ్మ నన్ను చీపుర్ల గదిలో కూర్చోబెట్టేది నాన్నా. వాళ్ళ గ్లాసులు చూస్తే అడుగుతానని. నాలుగేళ్ళు వచ్చేదాకా. నాకు బాగా గుర్తు. తలుపు సందులోంచి గ్లాసులు లెక్కపెట్టేదాన్ని."

"ఇంత తెలిసీ వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టావు."

"ఇంత తెలుసు కాబట్టే పెట్టాను. ఆ బడి రిజిస్టరులో ఒక్కసారి నా పేరు ఎక్కాలి. అంతే."

దాని మీద కోపం తగ్గలేదు. కాకపోతే అంతవరకూ ఒకచోట ఉన్న కోపం నాలుగు చోట్లకు పాకింది. ఈ చీపుర్ల గది మాట నాకు ఇరవై ఆరేళ్ళు ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ ఇంటికొచ్చి బడి కబుర్లు మొదలుపెడితే 'సర్లే, అన్నం పెట్టు' అనేవాణ్ణి. ఇంకెలా చెబుతుంది.

బడి తెరిచే రోజుకు నాలుగు వందల పుస్తకాలు పంపాం. మిగిలిన పదహారు వందలు వేరే బడులకు పోవాల్సినవి, షాపులోనే కట్టలు కట్టి పెట్టాం. ఆ రోజు తల్లిదండ్రుల్ని పిలిచారు, పక్క బడుల పెద్దల్ని పిలిచారు. నన్నెవరూ పిలవలేదు. కట్టలు మోసుకొచ్చినవాణ్ణి కాబట్టి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా అమ్మాయి ఆయాల నీలం కోటు వేసుకుని పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. ఒళ్ళో కొత్తగా చేరిన పిల్లవాడు ఏడ్చి ఏడ్చి వెక్కుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకుంది.

పెద్ద టీచరమ్మ పుస్తకం ఎత్తి పట్టుకుని పేజీలు తిప్పుతోంది. ఒక గేటు. రెండు కుక్కలు. పిల్లలు వంత పాడుతున్నారు. నాలుగు మెట్ల బొమ్మ దాటింది. అయిదు దగ్గర 'ఎందరు?' అని అడిగితే అందరూ 'అయిదు' అన్నారు. ముందు వరసలో ముక్కు కారుతున్న పిల్ల ఒకతి, మూడేళ్ళుంటాయి, లేచి వెళ్ళి బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఆరు," అంది.

"అయిదు తల్లీ. చుక్కలు చూడు."

"ఆరు."

"సరే, ఇద్దరం కలిసి లెక్కపెడదామా?" ఆవిడ నవ్వుతూనే మొదలుపెట్టింది. అయిదు అయ్యాక ఆపింది. పిల్ల వేలు ఆగలేదు. చంకలో పిల్ల మీదికి వెళ్ళింది.

"మరి ఈ పాప?"

ఎవరో తండ్రి అందుకున్నాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందే." గదంతా నవ్వింది. పక్క బడి పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని తన చేతిలో పుస్తకం చూశాడు. "ఆరే అండీ," అన్నాడు, జాలిగా.

ఆవిడ ముఖం కందిపోయింది. నేను ఎదురుచూసింది ఈ ముఖం కోసమే. ఆ సంతోషం నాకు రెండు క్షణాలు కూడా దక్కలేదు.

"ఇవి మా పాత ఆయమ్మ చేసిన బొమ్మలండీ," అంది ఆవిడ. "పెద్దగా చదువుకోలేదు పాపం. ఆమె చేసింది చేసినట్టే తీసుకున్నాం, ఆమె తప్పు ఇందులోకి వచ్చేసింది. సరిచేయిస్తాం."

నేను ఎండలో నడిచి వెళ్ళి అడిగితే రాని మాట, నలుగురిలో దానంతటదే వచ్చింది. బాగున్నంతసేపూ పుస్తకం ఆవిడది. తప్పు దొరికాక మా ఆవిడది. గొయ్యి తవ్వింది నేనే. ఆవిడ ఒడ్డున నిలబడి, పోయినదాన్ని అందులోకి తోసింది.

ముందుకు కదిలాను. ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. అంతలో మా అమ్మాయి లేచింది. ఒళ్ళో పిల్లవాణ్ణి దించితే ఏడుస్తాడని ఎత్తుకునే లేచింది.

"తప్పు కాదు మేడం," అంది. "తాడు పట్టుకున్నవాళ్ళనే లెక్కపెట్టాలి. చంకలో ఉన్నదానికి రిజిస్టరులో పేరు లేదు."

"ఎవరికి లేదు?"

"నాకు."

అంతే. మళ్ళీ కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. ముక్కు కారే పిల్ల దాని దగ్గరికి వెళ్ళి "ఈ పాప నువ్వా?" అని అడిగింది. అవునంటే, పుస్తకం దగ్గరికి తిరిగి వచ్చి, మొదటి నుంచి లెక్కపెట్టి, ఆరే అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద టీచరమ్మ షాపుకు వచ్చింది, మా అమ్మాయిని వెంటబెట్టుకుని. ఆ ఫారం మార్చడం కుదురుతుందా అని అడిగింది. ఒక పుస్తకం తీసి కుట్టు చూపించాను. పేజీ లాగితే పుస్తకమే చిరుగుతుందన్నాను. అనుకునే వచ్చినట్టుంది, సంచిలోంచి చీటీల కట్ట తీసింది.

"ఇవి అట్ట లోపలి వైపు అతికిస్తే చాలండీ. మీరు అడిగింది కూడా తీరుతుంది."

చదివాను. 'ఈ బొమ్మలకు మూలం మా బడి ఆయమ్మ. వారికి కృతజ్ఞతలు. అయిదో అంకె దగ్గర తాడు పట్టుకున్న పిల్లలను మాత్రమే లెక్కపెట్టండి.'

"పేరేది?"

"ఆయమ్మ అని వేశాం కదండీ. అందరికీ అలాగే తెలుసు."

"పేరు."

ఆవిడ మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి నేల చూసింది. అప్పుడు తెలిసింది నాకు. ఇరవై ఆరేళ్ళు చేయించుకున్నారు, పోయాక కూతురి చేత సంతకం పెట్టించుకున్నారు. ఆమె పేరు ఆవిడకు తెలియదు.

"పోనీ చెప్పండి, చీటీలు మళ్ళీ కొట్టిస్తాను. ఏం పేరు?"

నోరు తెరిచాను. ఏమే, ఇదిగో, నిన్నే. నా నోటికి వచ్చినవి అవే. ఆ పేరు నేను పైకి పలికింది ఆసుపత్రి కిటికీ దగ్గర, వాళ్ళు అడిగితే, ఒక్కసారి. ఈవిడకు చెప్పబోతే గొంతు దాటలేదు. పదిహేనేళ్ళు ఈవిడ పలకలేదు సరే, నువ్వెన్నిసార్లు పలికావురా అని నాలో ఎవడో అడిగాడు. వాడికి జవాబు చెప్పలేక ఆవిడ మీద పడ్డాను.

"మీ రిజిస్టరులో చూసుకోండి."

"రిజిస్టరులో ఆయా అనే ఉంటుందండీ," అంది ఆవిడ. దాచుకోను కూడా లేదు.

తొందరాయన మధ్యలో దూరాడు. "మేడం, చీటీలు ఇక్కడ పెట్టండి, అయిపోతాయి. ఎల్లుండి బండి వచ్చేస్తుంది, మీరు దిగులు పెట్టుకోకండి."

"నువ్వు ఇక్కడే ఉండి నాన్నగారికి సాయం చెయ్యి," అని మా అమ్మాయికి చెప్పి ఆవిడ వెళ్ళింది. తొందరాయన భోజనానికి వెళ్ళాడు.

పదహారు వందల పుస్తకాలు, నేను, అది. జిగురు గిన్నె దాని ముందుకు తోశాను. ఒక పుస్తకం విప్పింది. చీటీకి జిగురు రాసింది. అతికించబోయి ఆగింది. చీటీని ఉండచుట్టి బల్ల కింద పడేసింది.

"కలం ఉందా నాన్నా?"

కట్టల మీద నంబర్లు వేసే నల్ల కలం ఇచ్చాను. అది పుస్తకం మూసి, అట్ట మీద, పెద్ద టీచరమ్మ పేరుకు పైన ఉన్న ఖాళీలో, మా ఆవిడ పేరు రాసింది. అచ్చు అక్షరాలంత సైజులో, తొందర పడకుండా. రాసి నా వైపు తిప్పింది.

"చదువు."

చదివాను. పైకే చదివాను.

రెండోది తీసుకుంది. నేను కట్టలు విప్పుతూ, రాసినవాటిని తడి ఆరేదాకా పరుస్తూ ఉన్నాను. నలభయ్యో యాభయ్యో అయ్యాక తొందరాయన వచ్చాడు. బల్ల నిండా పరిచిన అట్టలు చూశాడు.

"బాబాయ్, ఏంటిది? ఇవి మనవి కావు."

"ఎవరివో అదే రాస్తోంది."

"నా కొంప మునుగుతుంది. నిన్ను పనిలో ఉంచుకోలేను, తెలుసా?"

"తెలుసు."

ఒక పుస్తకం తీసి పేరు చదివాడు. ఎక్కడి నుంచి తీశాడో అక్కడే, తడి అంటుకోకుండా పెట్టాడు. "నేను భోజనానికి వెళ్ళాను. ఇంకా రాలేదు," అని మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు.

ఎండ కిటికీలోంచి బల్ల చివరికి జరిగింది. మా అమ్మాయి మణికట్టు విదిలించుకుంటోంది, మళ్ళీ రాస్తోంది. మొదటి పుస్తకం మీద ఎలా రాసిందో వందో దాని మీదా అలాగే రాసింది.

"ఎల్లుండి నీ పని పోతుంది," అన్నాను.

"పోతుంది."

"రిజిస్టరు?"

రాస్తున్న పేరు పూర్తి చేసి, పక్కకు జరిపి, ఇంకో పుస్తకం లాక్కుంది. అట్ట మీదే చూపు పెట్టి అడిగింది.

"కోపం పోయిందా నాన్నా?"

"లేదు," అన్నాను. ఇంకో కట్ట విప్పి దాని ముందు పెట్టాను. "రాయి."